ఆలస్యంగా చెప్పిన సాక్ష్యం

నేనిప్పుడు పనిచేసే ఆఫీసు ఈ గల్ఫ్ నగరంలో, ఉమ్ ఘువైలినా పేటలో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. కోర్టు కాగితాలను అరబిక్ నుంచి ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వడం మా పని. మార్చేది నేను కాదు. సూడాన్ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉండిపోయిన ఒక పెద్దాయన మారుస్తారు. ఆయన్ని అందరం ఉస్తాద్ అంటాం. ఆయన అరబిక్ కాగితం చూస్తూ ఇంగ్లీషులో చెబుతుంటారు, నేను టైపు చేస్తుంటాను. తెలుగువాళ్లు ఎవరైనా వస్తే ఆ ఇంగ్లీషును నోటితో తెలుగులో చెప్పడం కూడా నా పనే.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ అప్పీలు కోర్టు తీర్పులు. బెంచి మీద ముగ్గురు కూర్చుంటారు. మధ్యలో కూర్చునే పెద్ద న్యాయమూర్తి సంతకంతో తీర్పు వస్తుంది. వాళ్లలో ఒకాయన తీర్పులను నేను సంతకం చూడకుండానే పోల్చుకోగలను. పొట్టి వాక్యాలు. ఎక్కడా కోపం ఉండదు, జాలీ ఉండదు. చివరి వాక్యం మాత్రం నూటికి తొంభై కాగితాల్లో ఒకటే: అప్పీలును రూపం రీత్యా స్వీకరించి, విషయం రీత్యా తిరస్కరించి, కింది కోర్టు తీర్పును ఖాయం చేయడమైనది. రూపం రీత్యా స్వీకరించడమంటే గడువులోగా వేశారు, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, అంతే. ఆ సంగతి తెలియనివాళ్లు ‘స్వీకరించి’ అన్న మాట దగ్గరే కుర్చీలో ముందుకు వంగుతారు. కొత్తలో అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగేదాన్ని. ఇప్పుడు ఆగను. వాక్యం మొత్తం ఒక్క బిగిన చదివేస్తాను.

ఆ న్యాయమూర్తి రాసిన ఒక తీర్పులో నేనున్నాను. నా పేరుతో కాదు, ‘సంస్థ ఉద్యోగిని’ అన్న మాటతో. మూడు వాక్యాలు నా గురించే. అవి నాకు కంఠతా వచ్చు.

అప్పట్లో నేను ఒక నిర్మాణ కంపెనీ సైట్ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్ని. డ్రాయింగులు, రిపోర్టులు, ఉత్తరాలు, ఏది ఎక్కడికి పోవాలో చూసి పంపడం, దాచడం. మాది పశ్చిమ గోదావరి. మా ఆయన ఇంకో కంపెనీలో ఎలక్ట్రికల్ డ్రాఫ్ట్స్‌మన్. అల్ తుమామాలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్లం, ఇప్పటికీ అందులోనే ఉన్నాం. అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి.

ఆ సైట్‌లో జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఇద్దరు స్నేహితులు ఉండేవాళ్లు. ఒకే ఊరు, ఒకే వాడ. ఒకే విమానంలో వచ్చారని చెప్పేవాళ్లు. ఒకతను రిగ్గర్, అంటే క్రేన్‌కు సరుకు కట్టి, అది గాలిలో తిరిగిపోకుండా కింద నుంచి తాడు పట్టుకుని నడిపించేవాడు. రెండోవాడు పరంజా కట్టే మనిషి. ఇద్దరూ నన్ను మేడం అనేవాళ్లు. సెలవు కాగితం నింపాలన్నా, ఇంటికి పంపే ఏదో అప్లికేషన్ ఇంగ్లీషులో రాయాలన్నా కంటైనర్ ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చి, చెప్పులు కింద విడిచి నిలబడేవాళ్లు. చెప్పులు విడవక్కర్లేదయ్యా అంటే నవ్వేవాళ్లు.

వేసవి మొదలవుతున్న రోజుల్లో ఒక ఉదయం క్రేన్ ఎత్తుతున్న పైపుల కట్ట జారి పడింది. కట్టకు చుట్టిన గుడ్డ బెల్టు తెగింది. పరంజా మనిషి ఆ పైపుల కింద పడ్డాడు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది.

మధ్యాహ్నం సేఫ్టీ మేనేజర్ నన్ను తన గదికి పిలిచాడు. రిగ్గర్ అక్కడ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా ముందు భాగమంతా నెత్తురు ఎండి అట్టకట్టింది. అతని హిందీ మేనేజర్‌కు అర్థం కావడం లేదట. వాంగ్మూలం నేను రాయాలి. అతను తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో టైపు చేయాలి.

“కూర్చో తమ్ముడూ,” అన్నాను. కూర్చోలేదు.

“బెల్టు నారలు నారలు లేసింది మేడం. పొద్దుగాల్నే చెప్పిన, గీ బెల్టుతోని ఎత్తద్దు అని. ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది ఎత్తుండ్రి అన్నడు. నేను తాడు వట్టుకున్న. కట్ట సగం దాంక పోయింది. దబ్బున తెగింది. పైపులన్ని కింద వడ్డయ్. వాడు కిందున్నడు. తాడు ఇడిసిపెట్టి ఆనికాడికి ఉరికిన. తల నా ఒళ్లె వెట్టుకున్న. నీళ్లు అన్నడు. నా చేతులల్లనే పాణం ఇడిసిండు.”

ఇంతే చెప్పాడు. మళ్లీ అడిగితే మళ్లీ ఇదే, ఇదే వరుసలో చెప్పాడు. నేను అన్నీ టైపు చేశాను. మేనేజర్ నా వెనక నిలబడి తెర మీద చదివాడు. బెల్టు సంగతి వేరే రిపోర్టులో వస్తుంది, ఇక్కడ వద్దు అన్నాడు. ఫోర్‌మన్ మాట కూడా వద్దన్నాడు. ఒళ్లో తల పెట్టుకోవడం, నీళ్లు అడగడం వాంగ్మూలానికి అనవసరం అన్నాడు. నేను ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాను. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. పైపులు పడ్డాయి. తాడు వదిలి పరుగెత్తాను. మేనేజర్ ముందుకు వంగి, రెండో వాక్యాన్ని మౌస్‌తో పట్టుకుని మొదటి వాక్యం పైకి జరిపాడు. తాడు వదిలి పరుగెత్తాను. పైపులు పడ్డాయి.

“సార్, వరుస మారింది,” అన్నాను.

“రెండూ ఒకటే కదా, ప్రింట్ తియ్యి,” అన్నాడు.

రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. ఆ క్షణాన, ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే తెలుసు. మొదటి వరుసలో అతను స్నేహితుడి దగ్గరికి పరుగెత్తిన మనిషి. రెండో వరుసలో తాడు వదిలేసి ప్రాణభయంతో పారిపోయిన మనిషి, అతను వదిలేసినందుకే పైపులు పడ్డాయి. ఇంత తెలిసీ ప్రింట్ తీశాను. కాగితం అతని ముందు పెట్టాను. చదివి వినిపించమని అతను అడగలేదు. “మీరు రాసిండ్రు కద మేడం,” అని తెలుగు అక్షరాల్లో సంతకం పెట్టాడు. నేనూ వినిపించలేదు.

ఆ రోజు నన్ను ఎవరూ బెదిరించలేదు. ఇది చెప్పుకోవడం నాకు ముఖ్యం. తర్వాత చాలామందికి ఆ కథ చెప్పినప్పుడు, మేనేజర్ బెదిరించి ఉంటాడు అని వాళ్లే ఒక దారి చూపించేవాళ్లు. లేదు. మామూలు గొంతుతో ప్రింట్ తియ్యి అన్నాడు, మామూలుగానే తీశాను. ఉద్యోగంలో రోజూ చేసే పనే అది.

ఆ కాగితం పోలీసులకు వెళ్లింది. అక్కడి నుంచి అరబిక్‌లోకి వెళ్లింది. ఇంగ్లీషులో పరుగెత్తడంగా ఉన్నది అరబిక్‌లో పారిపోవడం అయింది. నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమైనాడని అతని మీద కేసు పెట్టారు. జామీను మీద వదిలారు గానీ దేశం దాటడానికి లేదు. కంపెనీ అతన్ని సైట్ నుంచి తీసేసి క్యాంపులో ఉంచింది. చనిపోయినవాడి కుటుంబానికి రావలసింది కంపెనీ బీమా చూసుకుంది. కంపెనీ లెక్కలో అంతటితో అయిపోయింది.

కేసు కింది కోర్టులో నడిచిన ఎనిమిది నెలల్లో అతను నా దగ్గరికి నాలుగైదుసార్లు వచ్చాడు. వాయిదా తేదీ మెసేజ్ ఫోన్‌లో ఇంగ్లీషులో వచ్చేది, అది చదివించుకోవడానికి. ఒకసారి మెట్ల దగ్గర నిలబడి అడిగాడు:

“మేడం, నేను ఉరికిపోయిన్నని రాసిండ్రంట. నేను గట్ల అన్ననా?”

“అనలేదయ్యా.”

“మరి గదెట్లొచ్చింది? అరబ్బీల రాసేటోడు తప్పు రాసినట్టుంది.”

“అయ్యుండొచ్చు,” అన్నాను.

ఆ ఒక్క మాటకు నాకు శిక్ష పడాలన్నా ఏ సెక్షను కిందా పడదు. అతను సరేనని వెళ్లిపోయాడు. నేను లోపలికి వచ్చి డ్రాయింగుల రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. ఆ రోజంతా చేసిన పని ఒక్కటీ గుర్తు లేదు.

మా చర్చి అబూ హమూర్ దాటాక ఉంది. ఇక్కడ ఆరాధన శుక్రవారం. తెలుగు ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆ నెలల్లోనే మా అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్ అయి క్షేమంగా బయటపడింది. నేను లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు నమ్మదగినవాడు అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. కూర్చోబోతుంటే నా నోట్లోంచి అప్పుడే వచ్చిన ‘సాక్ష్యం’ అన్న మాట నన్నే కొట్టినట్టయింది. వెనక వరసలో ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసి, “ఎంత బాగా చెప్పావమ్మా” అంది. ఆ చెయ్యి దులిపేయాలనిపించింది.

కింది కోర్టు అతనికి ఏడాది జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపేయడం అని తీర్పు ఇచ్చింది. అప్పీలు తేలేదాకా బయట ఉండవచ్చు అన్నారు. తీర్పు వచ్చిన మూడో రోజు భోజనాల వేళ అతను వచ్చాడు. ఎప్పుడూ మెట్ల కింద ఆగేవాడు ఆ రోజు లోపలికి వచ్చేశాడు. చేతిలో ఫోన్, స్పీకర్ పెట్టి ఉంది. అవతల చనిపోయిన స్నేహితుడి తల్లి మాట్లాడుతోంది.

“దుబాయ్ కోర్టు గూడ గదే అన్నదట కద కొడుకా,” అంటోంది ఆమె. వాళ్ల ఊళ్లో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే. “మావోని మీద ఇనుము వడుతాంటే తాడు ఇడిసి ఉరికినవంట. మీ ఇద్దరికి ఒక్క గంజుల వండి వెట్టిన కదరా.”

“అమ్మా, నేను ఉరకలే. మేడం ఉన్నది. మేడంకు అన్ని ఎరుకే. అడుగు,” అని ఫోన్ నాకిచ్చాడు. “చెప్పుండ్రి మేడం. నేనేం చెప్పిన్నో మీరు ఇన్నరు కద.”

ఫోన్ తీసుకున్నాను. చేతిలో వేడిగా ఉంది.

“అమ్మా, ఇతను పారిపోలేదమ్మా. పైపులు పడ్డాకే తాడు వదిలాడు. మీ అబ్బాయి దగ్గరికే పరుగెత్తాడు. తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజే నాతో చెప్పాడు.”

తర్వాత ఆమె మెల్లగా అడిగింది:

“నీకెరుకైతే కోర్టుల ఎందుకు చెప్పలేదు బిడ్డా?”

ఏం చెప్పానో గుర్తుంది. “నన్ను ఎవరూ పిలవలేదమ్మా” అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. అతను మాత్రం ఊరట పడినట్టు కనిపించాడు. జైలు గురించి అతనికి అంత దిగులు లేదు. “ఏడాదేనాయె మేడం, ఎట్లనన్న ఎల్లదీస్త. గా ఉరికిపోయిండు అన్న మాట తీసేయాలె. గది ఊరంత తిరుగుతాంది. నేను ఆళ్లింటి ముందటికెంచి నడవాలె కద,” అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయనకు మొత్తం చెప్పాను. అంతవరకు చెప్పలేదు. ఆయన అన్నం కలుపుకోవడం ఆపేశారు.

“ఇప్పుడు చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు? అప్పుడు తప్పు కాగితం రాశానని నువ్వే ఒప్పుకుంటున్నావు.”

“రాశాను కాబట్టే ఒప్పుకోవాలండి.”

“నీ మీద కేసు పెడితే? నా కాంట్రాక్టు చూస్తే ఆరు నెలల్లో అయిపోతోంది. పిల్ల చదువు మధ్యలో ఉంది. అతనికి ఏడాదే కదా, వెళ్లిపోతాడు. మనం ఇక్కడ బతకాలి.”

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన అన్న ప్రతి మాటా ఎనిమిది నెలలుగా నాకు నేను చెప్పుకున్నదే. వేరే గొంతులో వింటే అది ఎంత నీచంగా ఉందో తెలిసింది.

మర్నాడు అతని వకీలు ఆఫీసుకు వెళ్లాను. తెలుగు సంఘం వాళ్లు మాట్లాడిపెట్టిన వకీలు, ఫీజు తీసుకోకుండా వాదిస్తున్నాడు. అక్కడే మొదటిసారి ఉస్తాద్‌ను చూశాను, అప్పట్లో ఆ వకీలు దగ్గరే పనిచేసేవారు. నేను చెప్పేది ఆయన అరబిక్‌లోకి మార్చి వకీలుకు చెప్పారు. ఏమేం తీసేశానో, ఏ వాక్యం ఎక్కడికి జరిగిందో అన్నీ చెప్పాను. చదివి వినిపించకుండా సంతకం పెట్టించుకున్న సంగతి ఒక్కటి చెప్పలేదు. వాళ్లు అడగలేదు. అడగనిది చెప్పకపోవడం నాకప్పటికే అలవాటు. మిగతావన్నీ మేనేజర్ చేయమంటే చేసినవి, ఇదొక్కటి నా అంతట నేను చేసింది. దాన్ని అట్టే పెట్టుకున్నాను.

అంతా రాసుకున్నాక ఉస్తాద్ కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. “అమ్మా, బెంచి మీద ఎవరున్నారో తెలుసా? ఆయన తేదీలు చూస్తాడు. ముందుగా తేదీలే చూస్తాడు,” అన్నారు.

అప్పీలు విచారణ రోజు కంపెనీకి సెలవు పెట్టి వెళ్లాను. కోర్టు హాలు నేననుకున్నంత పెద్దది కాదు. చల్లగా ఉంది. అతను ఒక పక్క నిలబడ్డాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే కోర్టు అనువాదకుడు అరబిక్‌లోకి మార్చాడు. అతనికి రెండూ రావు. నేనేం చెబుతున్నానో తెలియకుండానే, నాకోసం మేడం వచ్చి మాట్లాడుతోందన్న నమ్మకంతో చూస్తున్నాడు.

మధ్యలో కూర్చున్న న్యాయమూర్తి అరవై దాటిన మనిషి. నా మాట అంతా అడ్డురాకుండా విన్నారు. రాసుకున్నారు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగారు.

“వాక్యాల వరుస మారిందని నీకు ఎప్పుడు తెలిసింది?”

అబద్ధం చెప్పవచ్చు. ఈమధ్యే కాగితం మళ్లీ చూస్తే తెలిసింది అనవచ్చు. బైబిలు గుర్తొచ్చిందో, ఆ తల్లి గొంతు గుర్తొచ్చిందో చెప్పలేను. “ఆ రోజే,” అన్నాను.

“అయితే కింది కోర్టులో కేసు నడిచినన్నాళ్లు ఎందుకు మాట్లాడలేదు?”

“భయపడ్డానండి.”

అనువాదకుడు దాన్ని ఒక్క ముక్కలో చెప్పాడు. న్యాయమూర్తి వెళ్లి కూర్చోమని చేత్తో చూపించారు.

మూడు వారాల తర్వాత తీర్పు వచ్చింది. ఆ రోజే అతన్ని లోపలికి తీసుకెళ్లారు. కాగితం ఉస్తాద్ టేబుల్ మీద ఉంది. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఇంగ్లీషులో మెల్లగా చదివారు. అప్పీలు రూపం రీత్యా స్వీకరించారు. ఆ తర్వాత నా మూడు వాక్యాలు వచ్చాయి.

సంస్థ ఉద్యోగిని తాను మొదటి రోజు నుంచీ సత్యం ఎరుగుదునని ఒప్పుకున్నది. మాట్లాడవలసిన వేళ మౌనంగా ఉండి, తీర్పు వెలువడిన తరువాత మాట్లాడినది. ఒకే భాషకు చెందిన మనిషి కష్టం చూసి కలిగిన జాలికీ, సత్యానికీ నడుమ తేడాను ఇంత ఆలస్యంగా తేల్చడానికి ఈ న్యాయస్థానం వద్ద ఆధారం లేదు.

తర్వాత మామూలు చివరి వాక్యం.

కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. ఆయన మీద, మేనేజర్ మీద, నా మాటను ముక్కలో తేల్చిన అనువాదకుడి మీద. ఏదీ నిలబడలేదు. ఆ తీర్పులో నా గురించి రాసినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. తప్పు తీర్పులో ఉన్న నిజమైన వాక్యాలు అవి మూడే. “ఇంతకుముందు చెప్పి ఉంటే?” అని ఉస్తాద్‌ను అడిగాను. ఆయన కాగితం మడిచి, “ఆ ప్రశ్న నన్ను అడగకమ్మా,” అన్నారు.

వారం తర్వాత జైలు నుంచి అతను ఫోన్ చేశాడు. పది నిమిషాలు మాట్లాడనిస్తారట.

“మేడం, కాగితంల ఏం రాసిండ్రు? ఉరికిపోయిండు అన్న మాట తీసేసిండ్రా?”

తీర్పు ఇంగ్లీషు ప్రతి నా చేతిలోనే ఉంది. తీయలేదు, అప్పీలు కొట్టేశారు అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చు. మొత్తం చదివాను. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నా మూడు వాక్యాలు కూడా చెప్పాను. మొదటి రోజు నుంచీ సత్యం ఎరుగుదునని ఒప్పుకున్నది అన్నదాన్ని కూడా దాటేయలేదు.

అటు వైపు ఎవరో తలుపు వేసిన చప్పుడు.

“గా దినమే ఎరుకా మేడం మీకు?”

“తెలుసు తమ్ముడూ.”

“అరబ్బీల తప్పు వడ్డది అన్నరు కద.”

“అయ్యుండొచ్చు అన్నాను. అది అబద్ధం. వరుస మారింది నా కంప్యూటర్‌లోనే. నీకు చదివి వినిపించకుండా సంతకం పెట్టించుకున్నాను. అది కోర్టులో కూడా చెప్పలేదు.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“సరే మేడం. లైన్ల వేరేటోళ్లు ఉన్నరు. పెడుతున్న,” అన్నాడు. మళ్లీ ఎప్పుడూ చేయలేదు. నేను జైలుకు చూడటానికి వెళ్తే, రెండుసార్లూ రానన్నాడని బయటికి చెప్పి పంపారు.

ఆ నెలలోనే కంపెనీ నా ఒప్పందం పొడిగించలేదు. కారణం రాయలేదు. మా ఆయన కాంట్రాక్టు మాత్రం ఇంకో రెండేళ్లకు పెరిగింది. మేము ఇక్కడే బతకగలిగాం. ఉస్తాద్ వకీలు దగ్గర మానేసి సొంతంగా ఆఫీసు పెట్టుకుంటూ, టైపు చేయడానికి వస్తావా అని కబురు పంపితే వెళ్లాను.

అక్కడ చేరిన కొన్ని నెలలకు అదే న్యాయమూర్తి తీర్పు ఒకటి మా టేబుల్ మీదికి వచ్చింది. ఒక నేపాలీ డ్రైవర్ కేసు. ఉస్తాద్ చెబుతున్నారు, నేను కొడుతున్నాను. నిందితునికి తెలిసిన భాషలో చదివి వినిపించని వాంగ్మూలం అతని మాట కాదు, రాసినవాడి మాట. దాని ఆధారంగా వేసిన శిక్ష నిలవదు. కింది కోర్టు తీర్పు రద్దు. నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఉస్తాద్ తల ఎత్తారు. నేను చెప్పని ఆ ఒక్క సంగతీ అప్పుడు ఆయనకు చెప్పాను.

ఆయన ఆ వకీలుకు ఫోన్ చేశారు. పై కోర్టుకు వెళ్లే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు ఆ సంగతి చెప్పినా వినే చోటు లేదు. అతనికి అప్పటికి ఇంకా రెండు నెలలు జైలు మిగిలి ఉంది. ఫోన్ పెట్టేసి ఉస్తాద్, “టైపు చెయ్యి. ఆ డ్రైవర్ భార్య నాలుగింటికి వస్తుంది,” అన్నారు. చేశాను. ఆ నేపాలీ ఆవిడ వచ్చి, తీర్పు విని, నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు. అయినా చేతులు విడిపించుకుని కాగితాలు సర్దుకున్నాను.

శిక్ష అయ్యాక అతన్ని పంపేశారు. ఆ సంగతి కూడా నాకు వేరేవాళ్ల ద్వారానే తెలిసింది.

మొన్నామధ్య వాళ్ల ఊరివాడే ఒకతను కోర్టు నోటీసు చదివించుకోవడానికి మా ఆఫీసుకు వచ్చాడు. పాస్‌పోర్టు కాపీలో ఊరి పేరు చూసి ఉండబట్టలేక అడిగాను. ఆ రిగ్గర్‌ను ఎరుగుదువా అని.

“ఎరుకే మేడం. వచ్చిండు. వచ్చిన్నాడే ఆ ముసలవ్వ ఇంటికి పోయిండు. అరుగు మీద కూసున్నడు. ఆమె ఒక్క మాట మాట్లాడలే. నీళ్ల చెంబు తెచ్చి పక్కన వెట్టి లోపటికి పోయింది. తాగకుంట లేసిపోయిండు.”

“కోర్టులో అతని తరఫున చెప్పిన సాక్ష్యం సంగతి ఎవరూ చెప్పలేదా ఆమెకు? అతను పారిపోలేదని ఫోన్‌లో కూడా చెప్పారు కదా.”

“చెప్పిండ్రు మేడం. ఎవలో ఆఫీసుల ఒకామె గట్ల అన్నదని గూడ చెప్పిండ్రు. కోర్టే నమ్మలేదాయె, నేనెట్ల నమ్మాలె అన్నదంట.”

ఇంగ్లీషులోకి మార్చిన అతని నోటీసు ఇంకా నా చేతిలోనే ఉంది.

“ఇప్పుడెక్కడున్నాడు?”

“మళ్ల పోయిండు. ఊరికాడ ఉండబుద్ది కాలేదంట. దుబాయ్ పోయిండు.”

“దుబాయ్ అంటే దుబాయేనా? సౌదీనా, కువైటా?”

“గదంత ఎరుక లేదు మేడం. దుబాయ్ అన్నరు,” అన్నాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, నా చేతిలోని కాగితం వైపు చూస్తూ, “నాదాంట్ల ఏం రాసిండ్రో చెప్పుండ్రి జర,” అన్నాడు.